వెనక బెంచీ శనివారాలు

మొన్న శనివారం మధ్యాహ్నం మా చిన్న కోడలు సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఒళ్ళో లాప్‌టాప్, పక్కన పళ్ళెంలో చిక్కుడుకాయలు పెట్టుకుని, ఒక కాయకు ఈనె తీయడం, ఒకసారి లాప్‌టాప్ మీద టక్కున నొక్కడం, మళ్ళీ ఒక కాయ, మళ్ళీ ఒక నొక్కుడు, ఇలా రెండు పనులూ ఒకే ఊపున కానిస్తూ ఉంటే, చూసి చూసి ఉండబట్టలేక ఏం చేస్తున్నావమ్మా అని అడిగాను. ఆ అమ్మాయి ఈ హిందూపురంలోనే ఒక కాలేజీలో కామర్సు చెబుతుంది. తోటి అధ్యాపకురాలు పాఠం ఎలా చెబుతుందో రాస్తూ ఒక ఫారం నింపి పంపాలట. ఆవిడ ఈ అమ్మాయి గురించి అలాంటిదే నింపి పంపుతుందట. అధ్యాపకులు ఒకరికొకరు తోడ్పడి ఎదగాలని పైవాళ్ళు చేసిన ఏర్పాటట. వంగి చూద్దును కదా, పది ప్రశ్నలు, ఒక్కొక్కదానికి ఐదేసి నక్షత్రాలు, మా కోడలు అన్నిటికీ ఐదో నక్షత్రం మీదే నొక్కుతోంది. ఆవిడ క్లాసులో నువ్వెప్పుడు కూర్చున్నావు తల్లీ అంటే కిసుక్కున నవ్వింది.

"కూచునేకి టైమ్ యాడుంది అత్తా? ఆమె నాకు అన్నీ ఐదులే ఇచ్చింది. నేను నాలుగిస్తే ఏం బాగుంటుంది?"

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది, ఆ తర్వాత సిగ్గేసింది. సిగ్గెందుకంటే, ముప్పై అయిదేళ్ళ కిందట ఇంచుమించు ఇదే పని నేనూ చేశాను. అప్పుడు ఫారాలు లేవు, నక్షత్రాలు లేవు. ధర్మవరం స్టేషన్లో ఒక సిమెంటు బల్ల మీద కూర్చుని, పాఠం చెప్పడమంటే ఏమిటో నాకు నేర్పిన మనిషి ముఖంలోకి చూస్తూ ఒక అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం పుణ్యమా అని ఆయన ఇరవై ఏళ్ళు నిలబెట్టుకొచ్చిన లెక్కల గ్రూపు మూతపడబోయింది. నా ఈడు వాళ్ళు, ముఖ్యంగా సుద్దముక్క పట్టి బతికినవాళ్ళు, ఇది చదివి నన్ను తిట్టుకుంటారో, తమ సంగతే తలుచుకుంటారో తెలియదు గాని, చెప్పేస్తే నాకు కొంత బరువు దిగుతుంది.

పెనుకొండలో కొత్తగా పెట్టిన ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పడానికి చేరినప్పుడు నాకు ఇరవై ఐదు నిండలేదు. పుట్టిల్లు కొత్తచెరువు దగ్గర పల్లె. మా నాయన వేరుసెనక్కాయను నమ్ముకుని, రాని వానను తిట్టుకుంటూ, నన్ను ఎమ్మెస్సీ దాకా చదివించాడు. పెళ్ళయి పెనుకొండ వచ్చిన ఆర్నెల్లకే ఉద్యోగం దొరికింది. మన దగ్గర ఒక తమాషా ఉంది, మీరెప్పుడైనా గమనించారో లేదో. ఒకటో తరగతి పిల్లల చేత అ ఆలు దిద్దించాలంటే పంతులుకు శిక్షణ కావాలి. కాలేజీలో చెప్పేవాళ్ళకు మాత్రం డిగ్రీ కాగితం ఒకటుంటే చాలు, మర్నాటి పొద్దునకల్లా పాఠం చెప్పడం దానంతటదే వచ్చేస్తుందని అందరికీ నమ్మకం. నాకు రాలేదు. పాఠం మొదలైన పది నిమిషాలకు వెనక వరస మగపిల్లలు ఒక్కొక్కరే కిటికీ దూకి పోయేవాళ్ళు, ఉన్నవాళ్ళలో సగం మంది కునికేవాళ్ళు, నేను బోర్డు వైపు తిరిగి ఇంకా గట్టిగా, ఇంకా వేగంగా చెప్పుకుపోయేదాన్ని. ఏడాది చివర ప్రిన్సిపాలు పిలిచి, వచ్చే దసరా సెలవుల లోపల క్లాసు ఒక దారికి రాకపోతే వేరేవాళ్ళను చూసుకుంటామమ్మా అని, కోపమేమీ లేకుండా, టీ తాగుతూ చెప్పాడు.

ఆ వేసవిలో జవాబు పత్రాలు దిద్దడానికి అనంతపురం పోయాను. అక్కడే ఇద్దరు పరిచయమయ్యారు. ఒకరు హిందూపురంలో బాటనీ చెప్పే ఆవిడ, నలభై దాటిన మనిషి, ఉన్నదున్నట్టు ముఖాన అనేసే రకం. ఆవిడను మొదటి రోజు నుంచే అక్కా అన్నాను. ఇంకొకరు ధర్మవరంలో లెక్కలు చెప్పే పెద్దాయన, మగ్గాల ఇంట పుట్టినవారు. ఆయన్ను చిన్నా పెద్దా అందరూ సారు అనే అనేవాళ్ళు, నేనూ అంతే. నేను పత్రాల మీద కాగితం చిరిగేలా ఎర్ర గీతలు కొడుతుంటే అక్క పక్క బల్ల నుంచి చూసిందట. మధ్యాహ్నం వరండాలో అన్నాలకు కూర్చున్నప్పుడు అడిగేసింది.

"ఎవురి మీద కోపం పాపా, ఆ పిల్లోళ్ళ పేపర్ల మీద తీర్చుకుంటాండావు?"

అంతే, చిత్రాన్నం గిన్నె ముందు పెట్టుకుని భోరుమన్నాను. ఏడుస్తూనే కిటికీలు దూకే పిల్లల సంగతి, ప్రిన్సిపాలు పెట్టిన గడువు సంగతి అంతా చెప్పాను. అక్క వెంటనే గట్టిగా ఉండాలి, నాలుగు తగిలించాలి అని సలహాలు మొదలుపెట్టింది. సారు మాత్రం చెయ్యి కడుక్కుని వచ్చి, తీరికగా తుడుచుకుని అప్పుడు మాట్లాడారు.

"నీ క్లాసు చూడకుండా ఏం చెప్పినా అది జోస్యమే తల్లీ. నేను జోస్యగాణ్ణి కాదు, లెక్కలోణ్ణి. వస్తా, వెనక బెంచీలో కూచుంటా. చూసినాక మాట్లాడదాం."

అలా మొదలయ్యాయి మా శనివారాలు. నెలకొక శనివారం, ముగ్గురిలో ఒకరి క్లాసుకు మిగతా ఇద్దరూ పోవాలి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఒకే రైలుదారి మీద ఉన్నాయి కాబట్టి ప్యాసింజరు బండే మాకు దిక్కు. పోయినవాళ్ళు పెద్దమనుషుల్లా కుర్చీ వేయించుకోకూడదు, చివరి బెంచీలో పిల్లల మధ్య ఇరుక్కుని, నోటుపుస్తకం తెరిచి వాళ్ళలాగే రాసుకోవాలి. గంట సేపూ నోరు మెదపకూడదు. సాయంత్రం స్టేషన్లో బండి వచ్చేదాకా కూర్చుని, పిల్లలు ఏం చేశారో, ఏం రాసుకున్నారో, ఎక్కడ చూపు తిప్పుకున్నారో, కంటితో చూసింది మాత్రమే చెప్పాలి. అన్నిటికన్నా పెద్ద నిబంధన సారు పెట్టింది. 'బాగుంది' అనే మాట నిషేధం. అది నోరు జారినవాళ్ళు ఆ పూట అందరికీ ఉగ్గాని, బజ్జీ కొనిపెట్టాలి. మెచ్చుకునేకి ఇంట్లోవాళ్ళు ఉండారు, దానికోసం రైలెక్కి రావల్సిన పని లేదు అనేవారాయన.

మా వీధిలో దీనికి వేరే అర్థం పుట్టింది. కాలేజీలో పాఠం చెప్పే కోడలు ఒక శనివారం ధర్మవరం పోయి, ఒక శనివారం హిందూపురం పోయి పిల్లలతో పాటు బెంచీలో కూర్చుంటోందంటే, పరీక్ష తప్పి మళ్ళీ చదువుతోందనే గదా. మా అత్త ఆ మాటలు విని కొన్నాళ్ళు మనసులోనే పెట్టుకుని, చివరికి ఒక పొద్దున నీళ్ళు తోడుతూ అడిగేసింది.

"పాసైనావని మీ నాయన చెప్పినాడే?"

మొదటి శనివారం వాళ్ళిద్దరూ నా క్లాసుకే వచ్చారు. గంట గడిచేసరికి నాకు జ్వరం వచ్చినంత పనైంది. పెనుకొండ స్టేషన్లో అక్క తన నోటుపుస్తకం తీసి నా ముందు పెడితే అందులో నిలువు గీతలు తప్ప ఇంకేమీ లేవు. ఒక వరస గీతలు నేను పిల్లలను అడిగిన ప్రశ్నలట. పక్క వరస గీతలు వాటికి నేనే చెప్పుకున్న జవాబులట. రెండు వరసలూ సమానంగా ఉన్నాయి. పిల్లోళ్ళు నోరు తెరిచే లోపల నువ్వే చెప్పేస్తివి, ఇంక వాళ్ళుండేది దేనికి, కిటికీ దూకరా మరి, అంది అక్క. సారు ఇంకో సంగతి చెప్పారు. నేను రాసేటప్పుడు బోర్డుకు అడ్డంగా నిలబడతానట, ఎడమ వైపు కూర్చున్న ఆడపిల్లలకు నా వీపు తప్ప అక్షరం కనబడదట, పక్కకు తప్పుకున్న మరుక్షణమే తుడిచేస్తానట. ఏడాది పొడుగునా ఆ పిల్లలకు శ్రద్ధ లేదని తిట్టుకున్నదాన్ని నేనే. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని వాదించబోయాను కూడా, అక్క ఆ నోటుపుస్తకాన్ని మళ్ళీ నా ముఖం ముందు పెట్టింది.

సోమవారం నుంచి ప్రశ్న అడిగి మనసులో పది లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆ పది ఎంత పొడుగో పట్టి చూసినవాళ్ళకే తెలుస్తుంది. ఆరు దగ్గరకొచ్చేసరికి నాలుక దురదపెట్టేది, ఎనిమిదికి చెమటలు పట్టేవి. నాలుగో రోజో ఐదో రోజో, గాండ్లపెంట నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒక విద్యార్థి, కిటికీ దూకేవాళ్ళలో అందరికన్నా ముందుండేవాడు, నా లెక్క తొమ్మిదికి వచ్చినప్పుడు లేచి జవాబు చెప్పాడు. తప్పు జవాబే, అయినా నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. దసరా నాటికి కిటికీలు దూకడం తగ్గింది, ప్రిన్సిపాలు మళ్ళీ టీ తాగుతూనే, ఉండమ్మా అన్నాడు. ఆ ఉద్యోగం, ఆ తర్వాతి నా బతుకంతా ఆ ఇద్దరూ పెట్టిన భిక్షే అని ఈనాటికీ అనుకుంటాను.

అక్క క్లాసు చూడాలంటే హిందూపురంలో దిగి నడవాలి, చింతపండు, బెల్లం, ఎండుమిరపకాయల బస్తాల పక్కగా పోతుంటే ఆ ఘాటుకు తుమ్ములే తుమ్ములు, ఇద్దరం తుమ్ముకుంటూనే క్లాసులో అడుగుపెట్టేవాళ్ళం. అక్క ఒక వంకాయ పువ్వు చేతిలో పట్టుకుని వచ్చిందంటే పిల్లలు ఊపిరి పీల్చడం మరిచిపోయేవాళ్ళు. అయినా ఒక శనివారం సారు, ఈ గంటలో నువ్వు ఒక్క ఆడపిల్లనైనా పేరు పెట్టి పిలవలేదమ్మా అన్నారు. ఆడదాన్ని పట్టుకుని నాకా ఈ మాట అని అక్కకు రోషం ముంచుకొచ్చింది. ఇంటికి పిలిచి అన్నం పెట్టి అక్షింతలు వేయించుకునే ఖర్మ నాకేంది, టికెట్టు దుడ్లు కూడా దండగ అని రెండు నెలలు మా ముఖం చూడలేదు. మూడో నెల తనంతట తానే పెనుకొండలో దిగి, తన క్లాసులో ఉన్న ఆడపిల్లల పేర్లన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి, ఇంక చాలునా అని సారును నిలదీసింది. యథార్థవాది లోకవిరోధి అంటారు గాని, మా ముగ్గురి లోకంలో అది చెల్లలేదు.

ఇక సారు క్లాసు. ధర్మవరంలో ఆ వీధి వెంట పోతుంటే ఇళ్ళలోంచి మగ్గాల చప్పుడు వినబడుతూ ఉండేది, కాలేజీ గోడ దగ్గరికి వచ్చేసరికి దాని మీదుగా పిల్లల నవ్వులు వినబడేవి, అంటే సారు పాఠం చెబుతున్నారన్నమాట. వేరే గ్రూపుల వాళ్ళు కూడా కిటికీల దగ్గర నిలబడి వినేవాళ్ళు. ఆయనలో తప్పు పట్టాలంటే మేమిద్దరం వెతుక్కోవాల్సి వచ్చేది. అయితే మా శనివారాలు మొదలైన మూడో ఏట సిలబసు మారి లెక్కల గ్రూపులో గణాంకశాస్త్రం అనే పేపరు కొత్తగా చేరింది. సారు చదువుకున్న కాలంలో అది లేదు. యాభై దాటిన మనిషి తాను నేర్చుకుంటూ పిల్లలకు నేర్పాలి. సరిగ్గా అదే ఏడు కాలేజీ నడిపేవాళ్ళు, లెక్కల్లో పిల్లలు తగ్గిపోతున్నారు, ఈసారి ఫలితాలు కూడా రాకపోతే ఆ గ్రూపు ఎత్తేస్తామని తేల్చి చెప్పారు. సారుకు ఉద్యోగం ఎక్కడైనా దొరికేది. ఆయన బెంగ అది కాదు. మగ్గాల ఇళ్ళలో కండెలు చుట్టే ఆడపిల్లలు ఊళ్ళో కాలేజీ ఉంది కాబట్టి నడిచొచ్చి లెక్కలు చదువుతున్నారు, వాళ్ళను లెక్కల కోసం అనంతపురం పంపే తల్లిదండ్రులు ఎంతమంది ఉంటారని ఆయన బెంగ.

"ఈ పేపరు నాకే కొత్త. ఈసారి నన్ను కండ్లలో వత్తులేసుకొని చూడండి" అని మా ఇద్దరినీ అడిగారు.

ఆ శనివారం అక్క రాలేకపోయింది, వాళ్ళ కాలేజీకి తనిఖీ వాళ్ళు వచ్చారు. నేనొక్కదాన్నే పోయి వెనక బెంచీలో ఒక ఆడపిల్ల పక్కన కూర్చున్నాను. సారు సంభావ్యత పాఠం మొదలుపెట్టి, వాళ్ళ అన్న పచ్చీసు ఆటలో గవ్వలు విసిరి విసిరి ఓడిపోయిన కథ చెప్పారు, పిల్లలు కడుపులు పట్టుకుని నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత లెక్క. మొదటి వరస రాశారు, రెండో వరస రాశారు, అరచేతిలో దాచుకున్న కాగితం వైపు ఒకసారి చూసుకున్నారు, ఇది ఇట్లా వస్తాది అని ఒకేసారి జవాబు రాసేశారు. నా పక్కపిల్ల పుస్తకంలోకి చూశాను. పచ్చీసు కథ పొల్లుపోకుండా ఉంది. లెక్క మొదటి వరస ఉంది, చివర జవాబు ఉంది, మధ్యలో ఖాళీ వదిలి, ఆ ఖాళీ నిండా చీర అంచుకు వేసే మామిడిపిందెలు వరసగా, ముద్దుగా దిద్దుకుంది. మెడ సాచి ముందు బెంచీ వాళ్ళ పుస్తకాలు చూస్తే వాటిలో పిందెలు లేవు, ఖాళీ మాత్రం అలాగే ఉంది. సారు ఇటు తిరిగి అర్థమైందా అని అడిగారు. అయింది సార్ అని గది దద్దరిల్లింది, అందరికన్నా గట్టిగా నా పక్కపిల్లే అరిచింది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే నా చెవి దగ్గరికి వంగింది.

"ఎవురికీ కాలేదక్కా. కాలేదంటే సారు బాధపడతాడని చెప్పం. అంత కష్టపడి చెప్తాండాడు కదా."

సాయంత్రం స్టేషన్లో సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. చెప్పాలనే కూర్చున్నాను, దేవుడి మీద ఒట్టు. ఎలా మొదలుపెట్టాలో మాటలు కూడా కూర్చుకున్నాను. ఆయన చొక్కా వీపంతా చెమటతో తడిసి ఉంది, వేళ్ళ సందుల్లో సుద్ద ఇంకా పోలేదు, మార్కుల కోసం నిలబడిన పిల్లవాడిలా నా వైపు చూస్తూ, ఎట్లుండాది తల్లీ, చెప్పు అన్నారు. నాకు నడక నేర్పిన మనిషికి నేను తప్పటడుగు చూపించడమా అనిపించింది.

"చాలా బాగుంది సార్" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నన్నే చూశారు. తర్వాత, మూడేళ్ళకు దొరికినావు, జుల్మానా కట్టాల్సిందే అని ప్లాట్‌ఫారం అంతా వినబడేలా నవ్వారు. ఉగ్గాని పొట్లం విప్పుకుంటూ, అయితే ఈ ముసలోడు ఇంకా పనికొస్తాడన్నమాట అని తనలో తాను అనుకున్నారు. వచ్చే నెల అక్క ఎలాగూ వస్తుంది, ఆవిడే చెబుతుందిలే, ఆవిడ నోటికి అడ్డేముంది అని నన్ను నేను సముదాయించుకున్నాను. ఆ వచ్చే నెల రాలేదు. పరీక్షలు ముందుకు జరిగి క్లాసులే ఆగిపోయాయి.

ఎండాకాలం నడిమధ్యలో ఫలితాలు వచ్చాయి. సారు క్లాసులో సగానికి పైగా ఆ ఒక్క పేపరులో తప్పారు. గ్రూపు ఎత్తేస్తారన్న మాట ధర్మవరం నుంచి పెనుకొండకు రావడానికి రెండు రోజులు కూడా పట్టలేదు. మూడో రోజు మిట్టమధ్యాహ్నం, కాకులు కూడా బయటికి రాని ఎండలో, సారు మా గుమ్మంలో నిలబడి ఉన్నారు. మా అత్త కంగారుగా చాప వేసి మజ్జిగ ఇచ్చింది. ఆయన గ్లాసు చేతిలో పట్టుకుని, కూర్చోకుండానే అడిగారు.

"ఆ పొద్దు నా క్లాసులో నువ్వేం జూసినావమ్మా?"

ఇంక దాచడానికి ఏముంది. ఖాళీ పుస్తకాలు, మామిడిపిందెలు, చెవిలో ఆ పిల్ల చెప్పిన మాట, అన్నీ చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

"పిల్లోళ్ళు చెప్పలేదంటే అర్థముండాది. వాళ్ళు పిల్లోళ్ళు. నువ్వు రైలెక్కి వచ్చి కూచుండింది దేనికి?"

మీ మీద గౌరవం సార్, నేను మీకు చెప్పేంతదాన్నా అని ఏదో గొణిగాను. ఆయన గ్లాసు కింద పెట్టేశారు.

"నీకు మేము చెప్పలేదా? నీ మీద గౌరవం లేకనేనా చెప్పింది?"

ఇన్నేళ్ళలో నన్ను ఎందరో ఎన్నో అన్నారు, ఏదీ అంత లోతుకు దిగలేదు. ఆయన మెట్లు దిగి వెళ్ళిపోతుంటే, కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా ఆ కాలే రోడ్డు మీద వెంటపడ్డాను. వీధి మలుపులో ఆగి, నా వైపు తిరగకుండానే చెప్పారు. తప్పినవాళ్ళకు మళ్ళీ పరీక్ష ఉంది, అందులో గట్టెక్కితే గ్రూపు ఉంచుతామని పైవాళ్ళను బతిమాలి ఒప్పించాను, సోమవారం నుంచి సెలవుల్లోనే మళ్ళీ మొదటి నుంచి చెబుతాను, వచ్చి వెనక కూచో, ఈసారి నోట్లో బెల్లంగడ్డ పెట్టుకోవద్దు, అన్నారు.

పోయాను. అక్క కూడా హిందూపురం నుంచి వచ్చింది, దారిలోనే నాకు తలంటు పోసింది. తానుంటే ఆ క్షణానే చెప్పి ఉండేదాన్నని, నా మర్యాద నా ముఖం లాగా ఉందని, బండి ధర్మవరం చేరేదాకా తిడుతూనే ఉంది. మొదటి రోజు సాయంత్రం అదే స్టేషన్లో చెప్పేశాను. రెండో వరస దగ్గర మీరు దూకేశారు సార్, మీ వెంట ఎవరూ దూకలేకపోయారు అన్నాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పుస్తకం తీసి రాసుకున్నారు. మర్నాడు అరచేతిలో కాగితం లేదు. తనకు తెలియని చోట ఆగి, ఈడ నాకూ ఇంకా సరిగ్గా తెలీదు, అందరం కలిసి చూద్దాం రండి అన్నారు. అంతమంది పిల్లల ముందు ఆ మాట అనడానికి ఆయనలాంటి మనిషికి ఎంత అయి ఉంటుందో నాకు తెలుసు. ఆ తర్వాత అర్థమైందా అని అడిగితే గది నిశ్శబ్దంగా ఉంది. నా పక్కన కూర్చున్న ఆ పిందెల పిల్ల మెల్లిగా లేచి, కాలేదు సార్ అంది. సారు సుద్దముక్క బల్ల మీద పెట్టి, నా తల్లే, ఇన్నాళ్ళకు మాట్లాడినావు అని నవ్వారు, నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నారు.

మూడు వారాలు అలా గడిచాయి. చివరికి అక్కనే పరీక్షగా పెట్టుకున్నారు సారు. లెక్కలంటే ఆమడ దూరం పరిగెత్తే మనిషి కాబట్టి, ఆవిడకు అర్థమయ్యేలా చెప్పగలిగిన పిల్ల పాసైనట్టే లెక్క. ఆ పిందెల పిల్ల బోర్డు దగ్గర నిలబడి, ఒక్క వరస కూడా దాటవేయకుండా అక్కకు పాఠం చెప్పింది. అక్క, ఓహో, ఇదేనా, దీనికా ఇంత రాద్ధాంతం అంది. ఆ మళ్ళీ పెట్టిన పరీక్షలో ఇద్దరు తప్ప అందరూ గట్టెక్కారు, గ్రూపు నిలిచింది, సారు ఉద్యోగ విరమణ చేసేదాకా నిలిచే ఉంది. ఆ రోజు తర్వాత ఆయన నన్ను మునుపటికన్నా ఎక్కువ నమ్మారు, అదే నాకు చిత్రంగా ఉండేది. కొత్తగా చేరిన వాళ్ళెవరైనా కనబడితే, ఈమె నా తప్పులు చెప్తాది అని గొప్పగా పరిచయం చేసేవారు.

ఇద్దరూ ఇప్పుడు లేరు. సారు పోయి చాలా ఏళ్ళయింది, అక్క మొన్నమొన్ననే పోయింది. నేను పెనుకొండ నుంచి హిందూపురం కాలేజీకి మారి, పెద్దదాన్నయ్యి, ఫిజిక్సు విభాగానికి అధిపతినయ్యి, సారు చేసినట్టే కుర్రవాళ్ళను పిలిచి, నా వెనక బెంచీలో కూర్చోండి, చూసింది చెప్పండి అనేదాన్ని. వచ్చేవాళ్ళు, బుద్ధిగా కూర్చునేవాళ్ళు, మీ దగ్గర నేర్చుకోవలసిందే తప్ప చెప్పేదేముంది మేడం అనేవాళ్ళు. నాకది తియ్యగానే ఉండేది, కాదనను. కాలం మారింది, మనుషులు ఒకరి తప్పొకరు ఎత్తి చూపడం మర్యాద కాదని నేర్చుకున్నారు, జీతాలు పెరిగాయి, కంప్యూటర్లు వచ్చాయి, శిక్షణల మీద శిక్షణలు వచ్చాయి, ఒకరి పని చూడటానికి ఒకరు సగం రోజు రైల్లో కూర్చునే తీరిక మాత్రం పోయింది అని నేనే అందరికీ చెబుతూ ఉంటాను, మా కోడలికి కూడా మొన్న ఇదే చెప్పాను. కాని కాలం మీద నెట్టేయడం సులువు.

నా సర్వీసు చివరి ఏడాది, చురుకైన కళ్ళున్న ఒక చిన్న లెక్చరరు నా క్లాసు చూసి, స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర ఆగి, ఏదో చెప్పబోయి, నా నెరిసిన జుట్టు వైపు చూసి, బాగుంది మేడం అని తలొంచుకుని వెళ్ళిపోయింది. అది ఏ రకం బాగుందో నాకు తెలుసు, నేను అన్నదే కదా. ఆ అమ్మాయి కూర్చునేది పక్క గదిలోనే. సారు అంతటివారు ఆ ఎండలో రైలెక్కి వచ్చి, నా గుమ్మంలో నిలబడి, ఏం చూశావని అడిగారు. నేను లేచి పది అడుగులు వేసి అడగలేకపోయాను.